గట్టు మీద ఎలుక, మడిలో కాలు: ఎలుక జ్వరం రాకుండా 22 ఎకరాల్లో చేసిన పని, ప్రాజెక్టు డైరీ

ఇది గోదావరి డెల్టాలో ఒక వరి బ్లాకు డైరీ. 22 ఎకరాలు, ఆరుగురు రైతులం, ఏటా మా పొలాల్లో ఊడ్పులూ కలుపూ చేసే 18 మంది ఆడవాళ్ల ముఠా, ఎలుకలు పట్టే ఒక కుటుంబం. పంట నష్టం తగ్గితే సంతోషమే కానీ మా లక్ష్యం అది కాదు. ఎలుక మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం మా మడుల్లో దిగేవాళ్లకు రాకుండా చూడాలి. ఈ ఒక్క పని కోసం ఏం చేశాం, ఏది పనిచేయలేదు, ఎంత ఖర్చయింది అన్నది కింద రాశాను. ఎవరైనా వాడుకోవచ్చు.

ముందు తెలియాల్సింది

లెప్టోస్పైరా మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియా. ఎలుక మూత్రపిండాల్లో చేరి అక్కడే స్థిరపడుతుంది. ఎలుకకు మాత్రం ఏమీ కాదు. తింటుంది, తిరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది, నెలల తరబడి మూత్రంలో ఆ బ్యాక్టీరియాను వదులుతూనే ఉంటుంది. తడి నేలలో, నిలవ నీటిలో అది వారాల పాటు బతకగలదు. ఎండితే చచ్చిపోతుంది. మనిషి ఒంట్లోకి కోత, గీత, పగులు ద్వారా వెళ్తుంది. కళ్లు, ముక్కు, నోటి లోపలి పొరల నుంచి కూడా వెళ్తుంది. గంటల కొద్దీ నీళ్లలో నాని మెత్తబడిన చర్మం కూడా దానికి దారి ఇస్తుంది.

1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ అనే వైద్యుడు కామెర్లతో, మూత్రపిండాల దెబ్బతో వచ్చే ఈ జ్వరాన్ని వర్ణించాడు. కారణమైన బ్యాక్టీరియాను 1915లో జపాన్‌లో ఇనాదా, ఇదో అనే శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. వాళ్ల రోగులు బొగ్గు గని కార్మికులు. గని నీళ్లలో నిలబడి పనిచేసేవాళ్లకు వచ్చిన జబ్బే వరి మడిలో నిలబడేవాళ్లకూ వస్తుంది. 2015లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏటా పది లక్షలకు పైగా కేసులు, సుమారు 59 వేల మరణాలు. వాటిలో ఎక్కువ భాగం మనలాంటి వేడి, తేమ ఉన్న దేశాలవే.

మన దగ్గర ఇది తెలియని జబ్బేమీ కాదు. అండమాన్‌లో 1980ల చివర్లో రక్తపు దగ్గుతో మనుషుల్ని చంపిన అంతుపట్టని జ్వరం లెప్టోస్పైరోసిస్సేనని తర్వాత తేలింది. దక్షిణ గుజరాత్‌లో సూరత్, నవసారి, వల్సాడ్ వరి, చెరకు పొలాల్లో ఇది వానాకాలం జబ్బు. కేరళలో 2018 వరదల తర్వాత నీళ్లలో దిగినవాళ్లకు ప్రభుత్వమే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు పంచింది. మా ఊళ్లో మాత్రం జ్వరం అంటే డెంగీ, టైఫాయిడ్ అనే రెండు పేర్లే ఎక్కువగా వినపడతాయి.

మా ఎలుకల్లో ఆ బ్యాక్టీరియా ఉందో లేదో పరీక్ష చేయించి మొదలుపెడదాం అన్నది మొదటి ఆలోచన. వదిలేశాం. ఎలుక మూత్రపిండం తీయడం, చల్లగా ఉంచి పంపడం, పీసీఆర్ (బ్యాక్టీరియా జన్యువుని పట్టే పరీక్ష) చేసే ల్యాబు దొరకడం మా స్థాయి పని కాదు. పైగా మూత్రపిండం తీసే మనిషికే అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం. ప్రతి ఎలుకకూ ఉందనుకునే పని చేద్దామని నిర్ణయించాం. ఆ నిర్ణయం వల్ల చాలా సమయం మిగిలింది.

దశ 1. ఆగస్టు: కన్నాల లెక్క

ఎలుకల్ని లెక్కపెట్టలేం, కన్నాలు లెక్కపెట్టగలం. పద్ధతి ఇదీ:

1. సాయంత్రం గట్లన్నీ తిరిగి కనపడిన ప్రతి కన్నాన్నీ మట్టితో మూయాలి.
2. మూసిన చోట ఒక పుల్ల గుచ్చాలి.
3. తెల్లవారి తిరిగి తెరుచుకున్నవి మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

కన్నం తెరుచుకుందంటే లోపల ఎలుక ఉన్నట్టే. మూసినవి 212, పొద్దున్నకి తెరుచుకున్నవి 101.

ఆ 101 నిలబడలేదు. పీతలూ కన్నాలు తవ్వుతాయి, మూసినా రాత్రికి తెరుస్తాయి. ఒక్కో కన్నం దగ్గర కూర్చుని చూస్తే తేడా తెలుస్తుంది. పీత కన్నం చుట్టూ బురద ఉండలు ఉండలుగా పేర్చినట్టు ఉంటుంది, లోపల వేలు పెట్టినంత లోతులోనే నీళ్లు తగులుతాయి. ఎలుక కన్నం ముందు ఒకవైపుకి పొడి మట్టి కుప్పగా పోసి ఉంటుంది, దాని మీద సన్నటి అడుగులు, కొరికి పడేసిన పిలకలు. వేలు పెట్టి చూడటం మాత్రం ఎవరూ చేయొద్దు. పాముంటుంది. పుల్లతో చూడండి.

పీత కన్నాలు 14 తీసేశాక మిగిలిన లెక్క:

మడి గట్లు: 41
కాలవ గట్టు: 33
గడ్డివాములు, పశువుల పాక చుట్టూ: 13
మొత్తం: 87

ఖర్చు: ఇప్పటికి ఏమీ లేదు.

మా గట్లలో ఎక్కువగా కనపడేది పొట్టి తోక, మొద్దు మూతి ఉన్న చిన్న పందికొక్కు. కన్నంలో వెన్నులు దాచుకునేది అదే. తర్వాతది మెత్త బొచ్చు ఎలుక, ఆ తర్వాత పొలం చిట్టెలుక.

దశ 2. ఆగస్టు చివర: ఎర

మందు బ్రోమోడయోలోన్. జింకు ఫాస్ఫైడ్ అనే మరో ఎలుక మందు వాడలేదు. దానికి ముందు రెండు రోజులు ఉత్త నూక పెట్టి అలవాటు చేయాలి. ఒకసారి తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర జోలికి రాదు. కోత తర్వాత మా చేలల్లోకి బాతుల మందలు వస్తాయి, అదీ ఒక భయం.

కిలో ఎరకి కొలత:

1. నూక 960 గ్రాములు.
2. వంటనూనె 20 గ్రాములు. ముందు నూకకి నూనె పట్టించాలి.
3. 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి 20 గ్రాములు. గ్లౌజు వేసుకుని, కర్రతోనే కలపాలి.
4. 15 గ్రాముల చొప్పున పొట్లాలు. తెరుచుకున్న కన్నానికి ఒకటి, లోపలికి తోసి పైన ఆకు కప్పాలి.

ఇలా కలిపితే ఎరలో మందు 0.005 శాతం ఉంటుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ చస్తాయన్నది నిజం కాదు, రుచి మారి తినడం మానేస్తాయి. ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి ఎలుక మూడు నాలుగు రోజుల తర్వాత గానీ చావదు, చాలావరకు కన్నంలోనే చస్తుంది. కలిపిన గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. పిల్లలెవరైనా తింటే మందు ప్యాకెట్టు పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. విటమిన్ కె1 దీనికి విరుగుడు.

ఏం చెడింది: మొదటి విడత పొట్లాలు న్యూస్‌పేపర్‌తో కట్టాం. రాత్రి వాన పడింది. కాగితం నీళ్లు పీల్చి, నూక ముద్దయి, మూడో రోజుకి బూజు పట్టింది. కొన్ని పొట్లాలు కన్నం బయటికి నెట్టేసి ఉన్నాయి. వాటిని విప్పి చూస్తే నూనె ముక్కిన వాసన. ఒక ఇంటి నుంచి తెచ్చిన పాత నూనె అది. ఎలుక ముక్కుకి అది మనకన్నా ముందే తెలుస్తుంది.

ఏం మార్చాం: కొత్త నూనె, ఆ రోజు కలిపింది ఆ రోజే వాడటం, మైనం కాగితం పొట్లాలు. మబ్బు ఉంటే ఆ రోజు ఎర లేదు.

వారం పోయాక మళ్లీ మూసి చూస్తే:

మడి గట్లు: 14
కాలవ గట్టు: 27
వాములు, పాక: 11
మొత్తం: 52 (87 నుంచి 40 శాతం తగ్గుదల)

ఖర్చు ఇప్పటివరకు: 620 రూపాయలు.

మడి గట్ల లెక్క చూసి మా వాళ్లు పని అయిపోయిందన్నారు. రెండు వారాలకి మళ్లీ లెక్కపెట్టాం. మడి గట్లు 29, కాలవ గట్టు 30, వాములు 12. మొత్తం 71.

దశ 3. సెప్టెంబరు: కాలవ గట్టు, బుట్టలు

ఎలుకలు పట్టే పెద్దాయనకి ఈ అంకెలు చదివి వినిపించాను. ఆయన అంకెల దాకా ఆగలేదు. "కాలవ గట్టు వదిలేసి మడి గట్టుకి మందెడితే ఏం లాభం బాబూ, వాటి పుట్టిల్లు అక్కడుంటేనూ" అన్నాడు. కాలవ గట్టు ఎత్తుగా, వెడల్పుగా, గడ్డితో, ఏ వరదకీ మునగకుండా ఉంటుంది. మడి గట్టు మీద ఎలుక చస్తే ఖాళీ ఇల్లు దొరికినట్టే, కాలవ గట్టు మీది పిల్లలు వచ్చి చేరతాయి. అందుకే ఎవరి పొలంలో వాళ్లు ఎర పెట్టుకుంటే పని జరగదు. కాలవ గట్టు, దాని పక్క కొబ్బరితోట, అన్నీ ఒకేసారి చేయాలి.

కాలవ గట్టు మీద మేకలు తిరుగుతాయి, బడి పిల్లలు నడుస్తారు. పొట్లాలు పెట్టలేం. పీవీసీ గొట్టాల్లో మైనం బిళ్లల ఎర పెట్టాం. అడుగున్నర పొడవు ముక్కలు కోసి, బిళ్లని తీగతో మధ్యలో కట్టి, గొట్టాన్ని గడ్డిలో నేలకి ఆనించి మేకు కొట్టాం. మొదట రెండున్నర అంగుళాల గొట్టాలు తెచ్చాం, చవకని. బిళ్లల మీద చిట్టెలుక పళ్ల గాట్లు తప్ప ఏమీ లేవు. ఎదిగిన పందికొక్కు అందులో దూరలేదు. నాలుగు అంగుళాలకి మార్చాక బిళ్లలు సగం సగం మాయమయ్యాయి. గొట్టాల ఖర్చు రెండుసార్లు పడింది, మీకు ఒక్కసారే పడాలని రాస్తున్నాను.

బుట్టలు: ఎలుకలు పట్టే వెదురు బుట్టలు, సాయంత్రం పెట్టి తెల్లవారకముందే తీయాలి. 40 బుట్టలు గట్టు వెంట వరసగా పెట్టినప్పుడు ఒక రాత్రికి 11 పడ్డాయి. పెద్దాయన వాటిని తీసి, ఎలుక నడిచే దారికి అడ్డంగా, మూతి కన్నం వైపుకి తిప్పి పెట్టించాడు. అవే 40 బుట్టలకి 19 పడ్డాయి. ఎలుక దారి చూడాలంటే తెల్లవారు వెలుగులో గట్టు పక్కగా వంగి చూడండి, గడ్డి ఒకవైపుకి పడుకుని, చెయ్యి వెడల్పున నున్నటి బాట కనపడుతుంది. వానకి తాడు తడిసి బిగుసుకుపోతే బుట్ట పడదు. తడి రాత్రుళ్లు ప్లాస్టిక్ తాడు కట్టాం.

పట్టేవాళ్ల చేతుల గురించి కాస్త వివరంగా రాయాలి. ఈ మొత్తం పనిలో ఎలుక మూత్రానికి అందరికన్నా దగ్గరగా ఉండేది వాళ్లే. బుట్టలో చిక్కిన ఎలుక భయంతో మూత్రం పోస్తుంది. వెదురు బద్దలు వేళ్లకి గీసుకుంటాయి. ఆ గీతల మీద ఆ తడి. తోలు గ్లౌజులు ఇస్తే తాడు ముడి విప్పలేకపోయారు, మొదటి రోజే పక్కన పెట్టేశారు. చివరికి నిలబడింది ఇదీ:

1. లోపల పల్చటి రబ్బరు గ్లౌజు, పైన గుడ్డ గ్లౌజు.
2. ఎలుకని చేత్తో కాకుండా పొడవాటి పట్టకారుతో తీయడం.
3. చచ్చిన ఎలుకలు బోదెలో (పొలానికి నీళ్లిచ్చే చిన్న కాలవలో) పడేయకుండా, నీటికి దూరంగా రెండడుగుల గోతిలో పూడ్చడం.
4. బుట్టలు సబ్బు నీళ్లతో కడిగి మిట్ట మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టడం. బ్లీచింగ్ నీళ్లు వాడితే వెదురు పెళుసెక్కి విరిగింది. ఎండే చాలు, పూర్తిగా ఎండాలి అంతే.

ఎలుకకి 50 రూపాయల చొప్పున ఇచ్చాం. పట్టినవి 64: చిన్న పందికొక్కులు 41, మెత్త బొచ్చు ఎలుకలు 15, చిట్టెలుకలు 8. గ్లౌజు లేకుండా తీసిన ఎలుకకి డబ్బు లేదన్న షరతు పెడదామని ఒక రైతు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గ్లౌజు ఇవ్వడం మన బాధ్యత, అది అరిగితే కొత్తది ఇవ్వడం కూడా.

నెలాఖరు లెక్క:

మడి గట్లు: 9
కాలవ గట్టు: 8
వాములు, పాక: 4
మొత్తం: 21 (మొదటి 87 నుంచి 76 శాతం తగ్గుదల)

ఖర్చు: పాత 620 + ఎలుకలకి 3,200 + గొట్టాలు, బిళ్లలు, గ్లౌజులు 1,400. మొత్తం 5,220.

ఒక సమయం మాట. ఎర పిలకల దశలోనే పెట్టాలి. చేను ఈని పాలు పోసుకుంటే ఎలుకకి కళ్ల ముందే విందు ఉంటుంది, మన నూకకి రాదు.

దశ 4. అవే రోజుల్లో: కాళ్లు, చేతులు, నోరు

కన్నాలు 21కి దిగాయి కదా, ఆ 21 కన్నాల్లోని ఎలుకలు మూత్రం పోయడం మానవు. ఎలుక మందు పంటకి సరిపోతుంది, జ్వరానికి సరిపోదు. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో అసలు పని ఈ దశే. అన్నిటికన్నా తక్కువ డబ్బు పట్టిందీ, ఎక్కువ వాదనలు నడిచిందీ ఇక్కడే.

కలుపుకి దిగే ముందు ముఠాలో 18 మంది కాళ్లు చూశాం. మా ఊరి ఆరోగ్య కార్యకర్త వచ్చి కూర్చుంది. మడమ పగుళ్లు 11 మందికి. వేళ్ల సందుల్లో చెమ్మకి ఒరిసి పుళ్లు పడినవాళ్లు 7. నత్తగుల్లలు గుచ్చుకునో, కొడవలి తగిలో కొత్త గాయాలున్నవాళ్లు 4. కొందరికి రెండూ ఉన్నాయి. ఏ గాయమూ లేని కాళ్లు ఐదుగురివే.

బూట్లు: మోకాలి కింది దాకా వచ్చే రబ్బరు బూట్లు నాలుగు జతలు తెచ్చాం. దమ్ము చేసిన మడిలో బురద నా కొలతకి 18 సెంటీమీటర్ల లోతుంది. బూటు దిగుతుంది, పైకి రాదు. కాలు మాత్రం వస్తుంది. ముఠా మేస్త్రి అక్క ఒక వరస కలుపు తీసి, ఒడ్డుకొచ్చి బూట్లు విప్పి బోర్లించింది. ఒక్కో దాంట్లోంచి చెంబుడు నీళ్లు. "ఇందులో ఆ మురికి నీళ్లు పొద్దంతా నానతా ఉంటాయి కదా బాబూ, వట్టి కాలే నయం" అంది. ఆమె చెప్పింది నిజం. నీళ్లు నిండిన బూటు చర్మాన్ని ఇంకా ఎక్కువ నానబెడుతుంది.

బూట్లని అక్కడి నుంచి తీసి గట్టు పనికి, బోదె పూడిక తీసేవాళ్లకి, పశువుల పాక కడిగేవాళ్లకి ఇచ్చాం. అక్కడ అవి బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. మడిలోకి బూట్లు పనికిరావు.

కొబ్బరినూనె రాసుకుంటే చాలని కొందరన్నారు. రాసుకుని దిగి, టీ వేళకి ఒడ్డుకొచ్చాక చూస్తే కాలి మీద నూనె జిడ్డు లేదు. పగుళ్లకి రాత్రిపూట రాసుకోవడం మంచిదే, చర్మం మెత్తబడి పగులు పూడుతుంది. రక్షణగా లెక్కపెట్టొద్దు. మందుల షాపు ప్లాస్టర్లు కూడా బురదలో ఊడి మడిలోనే ఉండిపోయాయి.

చివరికి చేసింది పనుల మార్పిడి:

1. రోజూ దిగే ముందు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకోవాలి. మేస్త్రి అడుగుతుంది.
2. కొత్త గాయం, పుండు ఉన్నవాళ్లు మడిలో దిగరు. ఎరువు అందించడం, వాముల దగ్గర పని, ఇంటి దగ్గర విత్తనాలు బాగుచేయడం లాంటి పొడి పని.
3. కూలి అదే. ఒక్క రూపాయి తగ్గదు.

మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితం మీదే ఉంటాయి. కూలి పోతుందంటే ఎవరూ గాయం చూపించరు. ఒక రైతు పొడి పనికి సగం కూలి అన్న రోజు ఎవరికీ గాయాలు లేవు. పూర్తి కూలి అని చెప్పిన మర్నాడు ముగ్గురు కాళ్లు చూపించారు.

నీళ్లు: దీని గురించి ఎవరూ ఆలోచించలేదు, నేనూ పక్కన కూర్చుని చూసేదాకా గమనించలేదు. భోజనాల వేళ అందరూ బోదె దగ్గరికి వెళ్తారు. కాళ్లు కడుగుతారు, అవే నీళ్లతో చేతులు, మొహం, కళ్లు, తర్వాత పుక్కిలించి ఉమ్మేస్తారు. తాగే నీళ్ల బిందె గట్టు మీద మూత లేకుండా ఉంటుంది, బురద చేత్తోనే గ్లాసు ముంచుతారు. కాలి పగులు ఒక్కటీ పూడ్చి లాభం లేదు, బోదె నీళ్లు కంట్లోకీ నోట్లోకీ వెళ్తుంటే.

కుళాయి ఉన్న డ్రమ్ము ఒకటి గట్టు మీద పెట్టి, సబ్బు తాడుకి కట్టాం. మనిషికి రెండు లీటర్లు చాలనుకున్నాం, నాలుగు పట్టింది. 18 మందికి 72 లీటర్లు. పొద్దున్న బండి మీద తెచ్చి పెట్టడం ఆ రోజు ఎవరి చేలో పనైతే ఆ రైతు బాధ్యత. తాగే నీళ్లకి మూత, కుళాయి ఉన్న క్యాను వేరే. అన్నం క్యారేజీలు గట్టు మీద కాకుండా చెట్టు కొమ్మకి.

ఈ దశ ఖర్చు: డ్రమ్ము, క్యాను, సబ్బులు 1,150, బూట్లు 1,600. మొత్తం ఇప్పటివరకు 7,970.

మాత్ర గురించి చాలామంది అడిగారు. డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వారానికోసారి వేసుకుంటే ఈ జబ్బు రాకుండా ఆపొచ్చని 1984లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. పనామా అడవుల్లో శిక్షణ పొందుతున్న 940 మంది అమెరికన్ సైనికుల మీద చేశారు, 95 శాతం రక్షణ కనపడింది. వాళ్లు అక్కడున్నది కొద్ది వారాలు. మన ఆడవాళ్లు మడిలో ఉండేది ఏడాదిలో సగం. గర్భిణులకి, చిన్నపిల్లలకి ఈ మందు ఇవ్వరు. మేం అడిగిన డాక్టరుగారు వరద లాంటి సమయంలో కొద్దికాలానికి సరే, సీజనంతా అందరికీ వద్దన్నారు. ఎవరూ షాపులో కొని సొంతంగా మొదలుపెట్టొద్దు.

దశ 5. అక్టోబరు: జ్వరం చీటీ

అంతకు ముందు ఏడాది మా పక్క ముఠాలో ఒకామెకి జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అని సెలైన్లు పెట్టారు. కళ్లు పచ్చబడి, మూత్రం తగ్గాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డయాలసిస్ చేసి బతికించారు. ఆమె వరి మడిలో పనిచేసి వచ్చిందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చీటీ ఆలోచన అక్కడి నుంచి వచ్చింది.

అరచేయి అంత అట్ట. జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించాలి. దాని మీద ఉన్నది:

1. నేను వరి మడి నీళ్లలో పనిచేస్తాను. చివరిగా దిగిన తేదీ.
2. కాళ్లకి, చేతులకి గాయం ఉందా?
3. జ్వరం మొదలైన తేదీ.
4. పిక్కలు పట్టుకుంటే నొప్పా? కళ్లు ఎర్రబడ్డాయా? మూత్రం తగ్గిందా? దగ్గులో రక్తం పడిందా?
5. లెప్టోస్పైరోసిస్ అనుమానం ఉందేమో దయచేసి చూడండి.

తేదీలు ఎందుకంటే, బ్యాక్టీరియా ఒంట్లోకి వెళ్లాక జ్వరం రావడానికి సాధారణంగా 5 నుంచి 14 రోజులు, ఒక్కోసారి నెల దాకా పడుతుంది. కలుపు అయిపోయి, వేరే ఊరు పనికి వెళ్లాక వచ్చే జ్వరాన్ని మడితో ఎవరూ కలిపి చూడరు. ఐజీఎం రక్తపరీక్షలో యాంటీబాడీలు (జబ్బుకి ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునేవి) కనపడేది సుమారుగా ఐదు నుంచి ఏడు రోజుల జ్వరం తర్వాతే. రెండో రోజు చేస్తే లేదని వస్తుంది, అంతమాత్రాన జబ్బు లేదని కాదు. ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడతాయి కాబట్టి డెంగీ అనుకునే ప్రమాదం ఉంది. పిక్కల నొప్పి, పుసులు లేకుండా ఎర్రబడిన కళ్లు మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిన జాడలు. అనుమానం ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టర్లు మందు మొదలుపెడతారు. తేలికైన జబ్బుకి డాక్సీసైక్లిన్, ముదిరితే పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్. మొదటి రోజుల్లో మొదలుపెడితే చవకైన మందులతో నయమయ్యే జబ్బు ఇది. ఆలస్యమైతే మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

మొదటి అట్ట చెడింది. అంతా చిన్న అక్షరాలు, ముఠాలో సగం మందికి చదువు రాదు. చెమటకి, తడికి ఇంకు కరిగింది. రెండోసారి పెద్ద అక్షరాలు, పక్కన బొమ్మలు, ప్లాస్టిక్ కవరు. చాలామంది దాన్ని ఆధార్ కార్డుతో కలిపి పెట్టుకున్నారు, అది మంచి చోటు. తేదీలు మేస్త్రి హాజరు పుస్తకంలో ఎలాగూ ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి రాయిస్తున్నాం.

సీజన్లో ముఠాలో జ్వరాలు రెండు. ఒకటి డెంగీ అని తేలింది. రెండోది పిక్కల నొప్పితో వచ్చింది, చీటీ చూసి డాక్టరుగారు రెండో రోజే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, తర్వాత తీసిన రక్తంలో ఐజీఎం పాజిటివ్. ఆమె ఇంటి దగ్గరే కోలుకుంది. 18 మందిలో ఒక కేసుతో మా పని ఫలించిందనీ, లేదనీ చెప్పడం కుదరదు. చీటీ చూసే కళ్లు ఆసుపత్రిలో ఉన్నాయని మాత్రం తెలిసింది.

ఖర్చు: అట్టలు 150. మొత్తం 8,120.

దశ 6. డిసెంబరు: గట్లు

సార్వా (ఖరీఫ్) కోత అయ్యి దాళ్వాకి (రబీ పంటకి) దమ్ము చేసే ముందు గట్లు కొలిచాం. తాత ముత్తాతల నాటి గట్లు చాలాచోట్ల 55 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు. కన్నాలున్న గట్లన్నీ 45కి పైనే. లోపల గది, దారి, దాపు అన్నీ చేసుకోవడానికి ఎలుకకి మట్టి మందం కావాలి. 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 నుంచి 25 ఎత్తుకి చెక్కాం. చెక్కుతుంటే పాత కన్నాలు బయటపడ్డాయి. ఒక దాంట్లో దాచిన వెన్నులు తూకం వేస్తే కిలోన్నర.

చెడింది ఏమిటంటే, సన్న గట్టు మీద నారు కట్టలు మోసేవాళ్లు జారి పడ్డారు. పీత కన్నం ఒకటి పడితే చాలు, నీళ్లు పక్క మడిలోకి. అందుకని ప్రతి నాలుగు గట్లకి ఒకటి నడక గట్టుగా వెడల్పుగానే ఉంచాం. దాని గడ్డి పొట్టిగా కోసి, కన్నాల లెక్క అక్కడ మాత్రం తరచుగా తీస్తున్నాం. ఎలుక ఎక్కడ చేరుతుందో ముందే తెలిసిన గట్టు అది.

గడ్డివాములు పశువుల పాక నుంచి జరిపాం. మనుషులతో పాటు పశువులకీ ఈ జబ్బు వస్తుంది, ఈసుకుపోవడాలకి (గర్భస్రావాలకి) అదీ ఒక కారణం. ఈసుకుపోయిన దూడని, మాయని వట్టి చేతులతో తీయొద్దని ఇంటింటికీ చెప్పాం.

లెక్క, దాళ్వా ఊడ్పులకి ముందు: మడి గట్లు 6, కాలవ గట్టు 12, వాములు 2. మొత్తం 20. కాలవ గట్టు మళ్లీ పెరుగుతోంది, గొట్టాల్లో బిళ్లలు మార్చాలి.

ఖర్చు: గట్ల కూలి 2,400. మొత్తం 10,520. ఎకరానికి 478 రూపాయలు.

దాళ్వాకి మిగిలిన పనులు

1. ఎనిమిది ఎకరాల్లో డ్రమ్ సీడరుతో నేరుగా మడిలోనే విత్తడం. ఊడ్పులు ఉండవు కాబట్టి బురదలో నిలబడే గంటలు తగ్గుతాయి. కలుపు పెరుగుతుంది, ఆ గంటలు ఎంత పెరుగుతాయో హాజరు పుస్తకంలో విడిగా రాసి రెండూ పోల్చాలి.
2. కాలవ అవతలి గట్టు రైతులని కలుపుకోవడం. ఇద్దరు ఒప్పుకున్నారు.
3. పట్టేవాళ్లకి గ్లౌజులు నెలకో జత. సెప్టెంబరులో ఇచ్చినవి వేళ్ల దగ్గర చిరిగాయి.
4. డ్రమ్ము కుళాయి కారుతోంది, వాషర్ మార్చాలి.
5. చీటీలు కొబ్బరితోటలో పనిచేసేవాళ్లకి, చేపల చెరువుల్లో దిగేవాళ్లకి కూడా.